మూగ మెట్టు

మిషన్ తాత పోయి నెల దాటింది. ఆ నెల రోజుల్లో ఆయన పెద్దకూతురు గుండీలక్కకి స్థిమితంగా కూర్చుని ఏడవడానికి కూడా తీరిక దొరకలేదు. పొద్దున కొట్టు, మధ్యాహ్నం మరణ ధ్రువపత్రం కోసం ఆఫీసు, సాయంత్రం పలకరించడానికి వచ్చేవాళ్లకి టీలు. వచ్చినవాళ్లందరిదీ ఒకటే మాట, "మహానుభావుడమ్మా" అని. చచ్చినవాడి కళ్ళు చేరెడని పెద్దలు ఊరికే అనలేదు అనుకునేది ఆవిడ, గ్లాసులు కడుక్కుంటూ. అంతకు ముందు రెండేళ్లు ఆ మహానుభావుణ్ణి మంచం మీద ఇటునుంచి అటు తిప్పింది ఆవిడే. అప్పుడు చెయ్యి వేయడానికి ఒక్కరూ రాలేదు.

గుండీలక్క అన్నది పుట్టినప్పుడు పెట్టిన పేరు కాదు. బజారు మలుపులో గుండీలు, జిప్పులు, దారపు రీళ్లు అమ్మే కొట్టు ఆవిడది. కళ్ళు మూసి చేతిలో గుండీ పెడితే అది గాజో, కొమ్మో, ప్లాస్టిక్కో చెప్పేస్తుంది. మనుషుల్నీ అంతే. వేళ్ల మధ్య ఒకసారి తిప్పి చూసి, ఫలానా రకం అని డబ్బాలో వేసి మూత పెట్టేస్తుంది. తండ్రిని కూడా ఎప్పుడో తూచి పెట్టింది: భక్తి పదహారణాలు, పాట పద్దెనిమిదణాలు, ఇల్లు మాత్రం ఎనిమిదణాలు దాటదు.

ఆ తూకంలో తప్పు లేదనే ఆవిడ నమ్మకం. ఆయన కుట్టుమిషన్లు బాగుచేసేవాడు. వీధి వైపు గదిలో బల్ల, బల్ల మీద నూనె డబ్బా, స్క్రూలు పోసిన మూతలు, పట్టకారు. ఎవరి మిషన్ తెరిచినా, మళ్ళీ బిగించే ముందు లోపలి రేకు మీద పెన్సిలుతో తేదీ వేసి ఒక్క మాట రాసేవాడు. 'స్ప్రింగు మార్చాను', 'సందు తగ్గించాను' అని.

"లోపల ఎవరు చదువుతారు నాన్నా?" అంటే, "నా తర్వాత తెరిచేవాడు" అనేవాడు.

పని తెలిసినవాడే. కానీ ఆదివారం పొద్దున, బుధవారం సాయంత్రం ఆయన ఇంటి మనిషి కాడు. ప్రార్థన మందిరంలో హార్మోనియం ముందు ఇరవై ఆరో ఏట కూర్చున్నవాడు ఎనభయ్యో ఏట లేచాడు. పిల్లకి ఒళ్లు కాలిపోతున్నా సరే, చొక్కా తొడుక్కుని వెళ్ళిపోయేవాడు.

"దేవుడున్నాడు, చూసుకుంటాడు" అని గుమ్మంలో ఆయన.

"దేవుడు చూసుకుంటాడు సరే, తడిగుడ్డ ఎవరు మారుస్తారు? ఆయనే దిగొస్తాడా?" అని లోపల్నుంచి అమ్మ.

అమ్మకి నోరు ఎంతో, గొంతు అంత. మందిరంలో ఆడవాళ్ళ వైపు మొదటి వరసలో నిలబడి పాట ఎత్తుకునేది ఆవిడే. ఆ పాటకి ఆయన వాయించడం, ఆ వాయింపుకి ఈవిడ పాడటం. ఇంట్లో ఒక్క విషయంలోనూ పొత్తు కుదరని మొగుడూ పెళ్ళాలు అక్కడ మాత్రం ఒకళ్ల ఊపిరి ఒకళ్లకి తెలిసినట్టు ఉండేవాళ్లు.

అయితే ఆ హార్మోనియానికి ఒక లోపం ఉంది. పైన ఒక మెట్టు మోగదు. ఎన్నో ఏళ్లుగా మోగదు. నొక్కితే గాలి కూడా రాదు. లోపల స్వరం పలికే ఇత్తడి రీడు పాడైందని అందరి నమ్మకం. పాట ఆ మెట్టు దగ్గరికి వచ్చేసరికి మిషన్ తాత వేలు పక్కకి జరిగి ఒక మెట్టు కిందికి దిగేది, ఆయనతో పాటు రెండువందల మందీ దిగేవాళ్లు. పిల్లలు అలాగే నేర్చుకున్నారు, వాళ్ళ పిల్లలూ అలాగే. బయటి ఊళ్ళలో అదే పాట విన్నవాళ్లు "అదేంటి, వాళ్లు తప్పు పాడుతున్నారే" అని నవ్వుకుంటూ వచ్చేవాళ్లు.

అమ్మ దెప్పని రోజు లేదు. "లోకంలో మిషన్లన్నీ బాగుచేస్తాడు మహారాజు. దేవుడి ముందున్న పెట్టెకి ఒక్క రీడు వెయ్యడానికి చేతులు రావు. జనం అందరి చేతా కుంటి పాట పాడిస్తున్నాడు."

"చూద్దాంలే" అనేవాడు ఆయన. పదకొండేళ్ల కిందట ఆవిడ పోయే రోజు వరకూ చూస్తూనే ఉన్నాడు. పోయిన వారానికి గుండీలక్క కూడా ఒక మాట అంది. "అమ్మ బతికుండగా ఒక్క మెట్టు మోగించలేకపోయావు నాన్నా." ఆయన తల ఎత్తకుండా "నిజమే" అన్నాడు. ఆ తర్వాత ఆ సంగతి కొట్టుకి వచ్చినవాళ్లకి నవ్వుతాలుగా చెప్పడం ఆవిడకి అలవాటైపోయింది. మా నాన్న భక్తి చూశారా, ఒక్క రీడు వేయించలేని భక్తి అని.

అందుకే మందిరంలో ఆయన జ్ఞాపకార్థం పెట్టే కూడికకి ఏం చేద్దామని మాట వచ్చినప్పుడు, గోడకి పాలరాతి పలక వేయిద్దామన్నారు సంఘం కార్యదర్శి. గుండీలక్క ఒప్పుకోలేదు. "పలక దుమ్ము పట్టడానికి తప్ప ఎందుకూ పనికిరాదండి. ఆ పెట్టె బాగుచేయిద్దాం. ఆయన చెయ్యని పని ఆయన పేరు మీద మేం చేస్తాం."

కార్యదర్శికి అది తెగ నచ్చేసింది. ఆదివారం ఆయన చదవబోయే ప్రసంగం అంతా దాని మీదే కట్టుకున్నారు. విరిగిన వాద్యంతో అన్నేళ్ల సేవ, లోపంలోనూ లోటు లేని స్తుతి, అలాగ. "నేనే ఎన్నోసార్లు అడిగానమ్మా, కొత్త రీడు తెప్పిద్దామా అని. ఆ రకం ఇప్పుడు తయారు చెయ్యట్లేదండీ అనేవాడు పాపం. ఉన్నదాంతోనే సర్దుకున్నాడు, దిట్టమైన మనిషి."

శనివారం మధ్యాహ్నం కొట్టు తమ్ముడికి అప్పజెప్పి ఆవిడ మందిరానికి వెళ్ళింది. తమ్ముడు సిటీ బస్సు డ్రైవరు. కూడిక కోసం రెండు రోజులు సెలవు పెట్టి వచ్చాడు. మందిరం ఖాళీగా ఉంది. బెంచీలు ఒక పక్కకి జరిపి, కిటికీ వెలుగులో గుడ్డ పరిచి, హార్మోనియం మేస్త్రీ పెట్టె పైచెక్క ఊడదీసి కూర్చున్నాడు. ఒక్కొక్క మెట్టూ తీసి వరసగా పేర్చాడు, పళ్ళు కట్టే డాక్టరులా.

"అమ్మగారూ, రండి" అన్నాడు తల ఎత్తకుండా. "ఇది ఎవరు చెడిపోయిందన్నారు?"

"అందరూ అంటారు. ఏం?"

"చెడిపోలేదు. రీడు బంగారంలా ఉంది. అసలు అరిగిందే లేదు. వాడితేగా అరగడానికి." చిటికెన వేలితో లోపలికి చూపించాడు. "గాలి వచ్చే సందుకి తోలు ముక్క అతికించారు, చూడండి. రెండు వరసల్లోనూ. ఎంత శుభ్రంగా కోశారండీ! అంచు ఎక్కడా లేవలేదు. పని తెలిసిన చెయ్యి. ఇది చెడటం కాదు, మూసెయ్యడం."

"ఆ రకం రీడు ఇప్పుడు దొరకదని..."

"దొరక్కపోవడమేంటండీ? నా సంచిలోనే నాలుగున్నాయి."

గుండీలక్క కళ్ళజోడు తగిలించుకుని వంగింది. తోలు ముక్క పక్కనే చెక్క మీద సన్నటి పెన్సిలు రాత. తేదీ. తేదీ కింద ఒక్క మాట, 'ఆపాను.'

ఆ చేతిరాత ఎవరిదని అడగక్కర్లేదు. ఆవిడ బెంచీ అంచున కూలబడింది. ఆ తేదీ ఏనాటిదో గుర్తు చేసుకోవడానికి కూడా ఎక్కువసేపు పట్టలేదు. అప్పుడు తనకి పద్నాలుగేళ్లు. పరీక్షల్లో లెక్కల పేపరు రాసి వచ్చిన రోజు అమ్మకి గొంతులో గడ్డ కోసి తీశారు. మూడు వారాలకి మెడకి గుడ్డ చుట్టుకుని అమ్మ మందిరానికి వచ్చింది. పాట ఎత్తుకుంది. ఆ పై స్వరం దగ్గరికి వచ్చేసరికి గొంతు చిరిగిన గుడ్డలా రెండుగా విడిపోయింది. ఎవరో పిల్లలు కిసుక్కుమన్నారు. అమ్మ కూర్చుండిపోయింది. ఇంటికొచ్చి చెప్పులు విడవకముందే అంది, ఇంక నేను మందిరానికి రాను అని.

ఆ సాయంత్రం వంటగది గుమ్మంలో నిలబడి నాన్న అడగడం గుండీలక్కకి ఇప్పుడు స్పష్టంగా వినపడింది. "పోనీ శ్రుతి కాస్త దించి వాయించనా?"

"ఎవరి కోసం దించుతున్నారో అందరికీ తెలియడానికా? నాకోసం ఎవరూ కిందికి దిగక్కర్లేదు. వెళ్ళి మీ మిషన్లు చూసుకోండి."

తర్వాతి ఆదివారం బలవంతం మీద వచ్చింది అమ్మ, వెనక వరసలో కూర్చుంది. హార్మోనియం ఆ మెట్టు దగ్గర మోగలేదు. పాట తడబడి ఒక మెట్టు కిందికి దిగింది. ప్రార్థన అయ్యాక అమ్మ పకపకా నవ్వింది. "ఈ పెట్టెకీ నాలాగే గొంతు పోయిందే!" మరుసటి వారం మొదటి వరసకి వెళ్ళి నిలబడింది. తనది కాని తప్పుకి తల దించుకోవాల్సిన పని లేకుండా, ఇరవై ఎనిమిదేళ్లు అక్కడే నిలబడి పాడింది. పాడినంత కాలం మొగుణ్ణి దెప్పింది.

"తీసెయ్యమంటారా, ఉంచమంటారా?" అన్నాడు మేస్త్రీ, చేతిలో చాకు పట్టుకుని. "నా పని బాగుచెయ్యడం. కానీ ఇది చెడిందైతేగా."

ఆవిడ కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుంది. ఒళ్లు నొప్పులుగా ఉంది. ఇలాంటి సంగతి బయటపడటానికి ఈ వారమే దొరికిందా అనిపించింది.

"తీసెయ్యి" అంది చివరికి. "ఎవరి కోసం ఆపాడో ఆవిడ లేదు."

ఇంటికొచ్చి తమ్ముడికి చెప్పింది. వాడు కొట్టు తాళాలు బల్ల మీద పెట్టి, విన్నంతసేపూ నిలబడే ఉన్నాడు.

"ఎవరికీ చెప్పకక్కా" అన్నాడు.

"రేపు పది నిమిషాలు మాట్లాడమన్నారు నన్ను. ఏం మాట్లాడను?"

"మంచివాడు, భక్తిపరుడు అని చెప్పి కూర్చో. రెండొందల మంది చేత ముప్పై తొమ్మిదేళ్లు తప్పు పాట పాడించాడని మైకులో చెప్తావా? కార్యదర్శి గారు రీడు తెప్పిస్తానంటే దొరకదని అబద్ధమాడాడు. అదీ మందిరంలో, పెట్టె ముందు కూర్చుని. ఆయన పేరు ఏం కావాలి?"

"ఉన్న పేరు దొంగ పేరురా. విరిగిన పెట్టెతో సర్దుకున్నాడని పొగుడుతారు రేపు. విరిచింది ఆయనేగా."

"విరిచాడో, ఆపాడో. పోయాడు కదా. అమ్మ పోయాకైనా తీసెయ్యాల్సింది, తీయలేదు. నువ్వెందుకు కెలుకుతావు? అడుసు తొక్కనేల, కాలు కడగనేల?"

అమ్మ పోయాక ఎందుకు తీయలేదో ఆవిడకీ తెలియదు. తీస్తే అందరూ అడుగుతారనా? అప్పటికి జనానికి ఆ దారే అలవాటైపోయిందనా? లేకపోతే ఇంకేదైనానా? అబద్ధానికి కాళ్ళుండవంటారు గానీ, ఒకచోట ఎక్కువ రోజులుంటే వేళ్ళు పుడతాయి.

"నీకు ఒకటి చెప్పనా?" అంది. "అమ్మ పోయాక ఆయన్ని నేను ఒక మాట అన్నాను. ఒక్క మెట్టు మోగించలేకపోయావని. నిజమే అన్నాడు. కాదని ఒక్క ముక్క చెప్పొచ్చుగా? చెప్పలేదు. ఆ తర్వాత పదకొండేళ్లు ఆ మాట కొట్టులో కూర్చుని వచ్చిన ప్రతివాడికీ చెప్పి నవ్వించాను. నా నోటితో ఊరంతా పంచాను. దాన్ని ఎలా వెనక్కి తెచ్చుకోను?"

తమ్ముడు తాళాలు మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు. "నీ ఇష్టం" అన్నాడు, ఇష్టం లేనివాళ్లు అనే గొంతుతో. "నేను మాత్రం వెనక బెంచీలో కూర్చుంటా. గొడవైతే ముందు బయటపడొచ్చు."

ఆదివారం సాయంత్రం మందిరం నిండింది. కార్యదర్శి ఇస్త్రీ చొక్కా వేసుకుని ప్రసంగం చదివారు. విరిగిన వాద్యం దగ్గరికి వచ్చేసరికి ఆ ముక్క రెండుసార్లు చదివారు. జనంలో కొందరు కళ్ళు తుడుచుకున్నారు. తర్వాత గుండీలక్కని పిలిచారు.

ఆవిడ కాగితం రాసుకోలేదు. మైకు ఎత్తు సరిచెయ్యడానికి ఎవరో వచ్చారు, వద్దంది. మైకు పక్కనే నిలబడి, కొట్టులో మాట్లాడినట్టే మాట్లాడింది.

"కార్యదర్శి గారు చెప్పింది వింటే మా నాన్న సిగ్గుపడేవాడు. ఆ మెట్టు విరగలేదండి. మా నాన్నే తోలు ముక్క అతికించి ఆపాడు. నిన్న పెట్టె తెరిస్తే బయటపడింది. తేదీ వేసి రాసుకున్నాడు కూడా. మా అమ్మకి గొంతు ఆపరేషన్ అయ్యాక ఆ స్వరం అందేది కాదు. శ్రుతి దించుతానంటే ఒప్పుకోలేదు, మా అమ్మ సంగతి మీకు తెలుసు. అందుకని పెట్టె గొంతు నొక్కేశాడు. ఆ సంగతి అమ్మకి చెప్పలేదు. మీకూ చెప్పలేదు. రీడు దొరకదని కార్యదర్శి గారితో అబద్ధం చెప్పాడు. మీరందరూ ఇన్నేళ్లు ఒక మెట్టు తక్కువ పాడారు, మా ఇంట్లో ఒక మనిషి కోసం. అది తప్పే. ఆయన తరఫున క్షమించమని అడుగుతున్నాను."

గాలి పీల్చుకుంది.

"ఇంకొకటి. ఆయన రీడు వేయించలేని మనిషని మీలో చాలామందికి నేనే చెప్పాను. నా కొట్టులో. ఆ మాట నాది, అది కూడా తప్పే. అంతే."

కార్యదర్శి చేతిలో కాగితాలు మడిచి, విప్పి, మళ్ళీ మడిచారు. ఆయన ముఖం ఎర్రబడింది. "మందిరంలో... ఇన్నేళ్లు..." అన్నారు, వాక్యం ముగించలేదు. ముందు వరసలోంచి ఒక ముసలావిడ, అమ్మ పక్కన నిలబడి పాడిన మనిషి, నోరు తెరుచుకుని చూస్తూ ఉండి గట్టిగానే అంది.

"ఎంత పని చేశాడమ్మా మీ నాన్న! మీ అమ్మ నా చెవిలో ప్రతి ఆదివారం ఆయన్ని తిట్టి మరీ కూర్చునేది!"

వెనకెక్కడో ఒకాయన నవ్వాపుకోలేక దగ్గాడు. ఇంకొకాయన "నవ్వే విషయమా ఇది?" అని కసిరాడు. రెండూ నిజమే అనిపించింది గుండీలక్కకి.

పాటతో ముగించాలి. ఇప్పుడు హార్మోనియం వాయించే టీచరమ్మ, మూడేళ్లుగా మిషన్ తాత స్థానంలో కూర్చునే పిల్ల, బెదురుగా కార్యదర్శి వైపు చూసింది. ఆయన చెయ్యి ఊపారు, కానివ్వమని. తిత్తి కదిలింది. పాట లేచింది. ఆ చోటు వచ్చింది. టీచరమ్మ వేలు పైకి వెళ్ళింది, మెట్టు గట్టిగా, కొత్త గుండీలా మెరుస్తూ మోగింది. జనం మాత్రం ఎప్పట్లాగే కిందికి దిగారు. రెండూ ఢీకొన్నాయి. సగం మంది ఆగిపోయారు, సగం మంది అలవాటు కొద్దీ సాగిపోయారు. రెండో చరణంలో కుర్రకారు కొందరు పైకి ఎక్కారు, ముసలివాళ్లు కిందే ఉండిపోయారు. మూడో చరణానికి అది పాటలా లేదు, రెండు బస్సులు ఒకే సందులోకి దూరినట్టుంది.

ప్రార్థన ముగిసింది. కార్యదర్శి తన దగ్గరికి వస్తారని గుండీలక్క ఎదురుచూసింది. వచ్చారు. కళ్ళలోకి చూడకుండా, "నాతో ముందే చెప్పాల్సిందమ్మా" అన్నారు.

"చెబితే వద్దనేవారు."

"అనేవాణ్ణే." కాగితాలు జేబులో పెట్టుకున్నారు. "నేను క్షమించడానికి నాకు టైము పడుతుంది. నా ఎదురుగా కూర్చుని దొరకదన్నాడు" అని వెళ్ళిపోయారు.

ఆవిడ బయటికి వచ్చి మెట్ల మీద కూర్చుంది. ఇంక లేవగలననిపించలేదు. తమ్ముడు వచ్చి పక్కన కూర్చున్నాడు, ఒక మెట్టు కింద. చెప్పులు చేత్తో పట్టుకున్నాడు, తొడుక్కోవడం మర్చిపోయి.

"పారిపోలేదే?" అంది.

"పోదామనే లేచాను. వెనక అందరూ నిలబడిపోయారు, దారి లేదు." చెప్పులు కింద పెట్టి, "అమ్మకి తెలిసుంటే నాన్నని చంపేసేదక్కా" అన్నాడు.

"చంపేసేది."

"తర్వాత?"

"తర్వాత ఏముంది, ఆదివారం వచ్చి పాడేది."

లోపల జనం ఇంకా పూర్తిగా వెళ్ళలేదు. బెంచీలు జరిపే చప్పుడు. ఆ చప్పుడు మధ్యలోంచి ఆ ముసలావిడ గొంతు. "టీచరమ్మా, ఆ ముక్క ఇంకోసారి వాయించు. అసలు ఎలా ఉండాలో చూద్దాం." హార్మోనియం మోగింది. నలుగురైదుగురు ముసలాళ్లు పైకి ఎక్కబోయారు. ఒక గొంతు మధ్యలోనే చీలిపోయింది, ఒకటి కీచుమంది, ఒకటి దగ్గులోకి దిగింది. పెద్ద నవ్వు.

"అమ్మో, నా వల్ల కాదే!"

"ఆగు ఆగు, మళ్ళీ. నువ్వు ఊపిరి ముందే అవగొట్టేశావు."

"ఇంక చాలమ్మా, తాళం వెయ్యాలి" అని కార్యదర్శి గొంతు, అలసిపోయి.

"వేద్దురుగాని, ఇంకొక్కసారి."

మళ్ళీ మోగింది. మళ్ళీ ఎవరిదో గొంతు విరిగింది, ఈసారి ఎవరూ ఆగలేదు. గుండీలక్క తల వెనక్కి గోడకి ఆనించి కళ్ళు మూసుకుంది. వెళ్దామా అని తమ్ముడు అడిగాడు. ఆవిడ వినిపించుకోలేదు, నిద్రలోకి జారుకుంటోంది.